అమ్మా, అరిసెలూ, ఓ బుల్లి విమానం

సావనీర్‌కి ఏదైనా రాయండి అని మన కమిటీ వాళ్ళు ఫోన్ చేసినప్పుడల్లా, "కాగితం తయారు చెయ్యడం వచ్చు గానీ దాని మీద రాయడం నాకు రాదండీ" అని తప్పించుకుంటూ వచ్చాను. పేపర్ మిల్లులో ముప్ఫై ఏళ్ళు మెయింటెనెన్స్ ఇంజనీరుగా పనిచేసినవాణ్ణి కదా, ఆ జోకు ఇన్నాళ్ళూ చెల్లింది. ఈసారి మా ఆవిడ ఊరుకోలేదు. "ఆ విమానం సంగతి రాయండి, సంక్రాంతి సంచికకి సరిగ్గా సరిపోతుంది" అంది. విమానానికీ సంక్రాంతికీ సంబంధం ఏమిటంటారా? అరిసెలు.

1994 జనవరి. అప్పుడు మేం మిషిగన్ రాష్ట్రం పైకొసన, అప్పర్ పెనిన్సులాలో, ఒక చిన్న ఊళ్ళో ఉండేవాళ్ళం. ఊరిపేరు చెప్పినా మీలో చాలామందికి తెలియదు. ఊరికి ఒక మిల్లు, ఒక హైస్కూలు, మూడు చర్చిలు, ఒక తెలుగు కుటుంబం. ఆ తెలుగు కుటుంబం మేమే. అమ్మ ఆ అక్టోబరులో తెనాలి నుంచి వచ్చింది. మూడు నెలలుగా కిటికీలోంచి మంచు తప్ప మరొకటి చూడలేదు, మా ఇద్దరి నోటి నుంచి తప్ప తెలుగు మాట వినలేదు. అందుకని ఆమెను డెట్రాయిట్‌లో సంక్రాంతి వేడుకలకి తీసుకెళ్ళాను. మా చిన్నదానికి చెవిపోటు, జ్వరం వచ్చి మా ఆవిడ ఇంట్లో ఉండిపోయింది.

ఆ శనివారం అమ్మ మొహం చూడాలి! స్కూలు కాఫెటీరియా నేల మీద సుద్దతో ముగ్గులు, భోగిపళ్ళు, బొమ్మల కొలువు, నాలుగు రకాల పులిహోరలు. ఎవరి ఊరేదో, ఎవరి ఇంటిపేరేదో కనుక్కుంటూ సాయంత్రం దాకా నవ్వుతూనే ఉంది. మేం దిగిన ఇంటావిడ పాత బిస్కెట్ డబ్బా ఒకటి నిండా అరిసెలు సర్ది అమ్మ చేతిలో పెట్టింది. "పాకం కుదిరింది" అని అమ్మ మెచ్చుకుంది. మా అమ్మ ఇంకొకరి అరిసెల్ని మెచ్చుకోవడం నేను వినడం అదే మొదలు.

ఆదివారం తిరుగు ప్రయాణం. ఆ వారం మిడ్‌వెస్ట్ అంతా గడ్డకట్టుకుపోయిన సంగతి పాతకాపులకి జ్ఞాపకం ఉండే ఉంటుంది. మా ఊరికి వెళ్ళేది పందొమ్మిది సీట్ల విమానం, రెండు ప్రొపెల్లర్లది. ఆ పందొమ్మిదికి కారణం ఉంది. ఇరవయ్యో సీటు వేస్తే ఎయిర్ హోస్టెస్‌ని పెట్టాలని రూలు. అందుకని ఆ రోజుల్లో చిన్న ఊళ్ళకి తిరిగే విమానాలు చాలావరకు పందొమ్మిది దగ్గరే ఆగేవి. టాయ్‌లెట్ లేదు, కాఫీ లేదు. తల వంచుకుని లోపలికి నడవాలి. అటొక సీటు, ఇటొక సీటు, మధ్యన మనిషి పట్టీ పట్టని దారి. పైలట్లకీ మనకీ మధ్య తలుపు లేదు, ఒక పరదా మాత్రం.

ఎక్కేముందు కౌంటర్ దగ్గర అమ్మాయి, "మీ అమ్మగారి బరువెంత?" అని అడిగింది. చిన్న విమానం కాబట్టి ఎవరిని ఎక్కడ కూర్చోబెట్టాలో బరువు చూసి సర్దుతారు. నేను తెలుగులో అడిగేసరికి అమ్మకి కోపం వచ్చింది. "నా బరువు వీళ్ళకెందుకురా? నన్ను కాటాకేసి అమ్ముతారా?" అంది. చివరికి ఒక అంకె చెప్పింది. అది అబద్ధమని నాకు తెలుసు, కౌంటర్ అమ్మాయికీ తెలుసు. ఆమె నవ్వి, పది పౌన్లు కలిపి రాసుకుంది. అరిసెల డబ్బా బరువు విడిగా.

నిజం చెప్పాలంటే నాకు లోపల బెదురుగానే ఉంది. దానికి ఆరు వారాల ముందు, 1993 డిసెంబరు 1 రాత్రి, మిన్నెసోటాలో హిబ్బింగ్ అనే ఊరి దగ్గర ఇలాంటి పందొమ్మిది సీట్ల జెట్‌స్ట్రీమ్ విమానం, దిగబోతూ రన్‌వేకి ఇవతలే చెట్లనీ గుట్టనీ కొట్టుకుని, అందులో ఉన్న పద్దెనిమిది మందీ పోయారు. డెట్రాయిట్‌లో భోజనాల దగ్గర ఎవరో ఆ సంగతి ఎత్తారు. "కారులో వెళ్ళరాదూ?" అన్నారు. ఆ చలిలో, ఆ మంచులో, మెకినా వంతెన దాటి పది గంటలు అమ్మతో కారు ప్రయాణం ఇంకా ప్రమాదం అనుకున్నాను.

మొదటి వరసలో కుడివైపు అమ్మ, ఎడమవైపు నేను. మొత్తం పదకొండు మందిమి. కో-పైలట్ తనే మెట్ల తలుపు మూసి, వంగి నిలబడి బెల్టుల గురించి, ద్వారాల గురించి గబగబా చెప్పి తన సీట్లోకి వెళ్ళిపోయాడు. పరదా తీసే ఉంది. అమ్మకి లోపలి మీటలు, గడియారాలు అన్నీ కనపడుతున్నాయి. కొత్త పెళ్ళికూతురి నగలు చూసినట్టు ఒక్కొక్కటీ పరీక్షగా చూసింది. చూసి, ఇంజన్ల హోరులో నా చెవి దగ్గరగా వంగి అడిగింది.

"ఒరేయ్, ఆ మీట పక్కన నారింజరంగు కాగితం అంటించారు, ఎందుకురా?"

చూశాను. వేలెడంత స్టిక్కర్, దాని మీద "ఇనాప్" అన్న అక్షరాలు. పనిచెయ్యదని అర్థం.

"అది పాడైందిలే అమ్మా. అది లేకపోయినా పర్లేదు."

"లేకపోయినా పర్లేకపోతే అక్కడెందుకు పెట్టారు?"

నాకు జవాబు తోచలేదు. "వాళ్ళకి తెలుసులే, నువ్వు పడుకో" అన్నాను. అమ్మ పడుకోలేదు. డబ్బా ఒళ్ళో పెట్టుకుని దారంతా ఆ కాగితం వంకే చూస్తూ కూర్చుంది.

మా ఊరు చేరేసరికి అయిదున్నర, మసక వెలుతురు. కిందంతా తెలుపు. రన్‌వే ఎక్కడో, పొలం ఎక్కడో దీపాలని బట్టి తెలుసుకోవాల్సిందే. గాలి కుడివైపు నుంచి కొడుతోంది. విమానం ముక్కు కాస్త పక్కకి తిప్పుకుని, పీతలా అడ్డంగా దిగుతోంది. చక్రాలు మెత్తగానే ఆనాయి. అమ్మయ్య అనుకున్నాను. ముక్కు కిందికి వాలి ముందు చక్రం కూడా నేల తాకింది. ప్రొపెల్లర్లు వెనక్కి తిప్పి వేగం తగ్గిస్తున్న మోత వచ్చింది.

అప్పుడు ముక్కు నెమ్మదిగా కుడికి తిరగడం మొదలైంది.

నెమ్మదిగానే, అదే చిత్రం. పైలట్ ఎడమకాలు బలంగా తొక్కుతున్నాడు, భుజం కదలడం కనపడుతోంది. విమానం వినడం లేదు. అద్దంలో ఎదురుగా ఉండాల్సిన దీపాల వరస పక్కకి జరిగిపోయింది. ఏదో ఒక దీపం టప్పుమంది. తరవాత పెద్ద కుదుపు, మంచు గోడలా లేచి అద్దాలన్నీ తెల్లబడ్డాయి, కింద ఏదో విరిగింది, నా తల ముందుకెళ్ళి వెనక్కొచ్చింది. ముక్కు నేలలో దిగబడి, తోక పైకి లేచి ఆగిపోయాం.

ఒక్క క్షణం అంతా నిశ్శబ్దం. ఆ నిశ్శబ్దంలో అరిసెల డబ్బా నడవలో దొర్లుకుంటూ పోయి పైలట్ సీటుకి తగిలి ఆగిన చప్పుడు ఈనాటికీ నా చెవుల్లో ఉంది.

కిరసనాయిలు వాసన వచ్చింది. కో-పైలట్ తలుపు తన్ని తెరిచి "బయటికి, బయటికి" అని అరిచాడు. అమ్మ బెల్టు విప్పబోతే నా వేళ్ళు ఆడలేదు. అమ్మే విప్పుకుంది. నుదురు బొప్పి కట్టింది, ఎడమ మణికట్టు పట్టుకుని ఉంది, కానీ నోట్లోంచి ఒక్క మాట రాలేదు. నేత చీర, మీద నా పాత కోటు, సాక్సులకి చెప్పులు. మోకాలి లోతు మంచులో ఆమెను ఎత్తుకుని నడిచాను. చిన్నప్పుడు వరదలో నన్ను ఎత్తుకుని కాలవ దాటించిందని ఎన్నోసార్లు చెప్పేది. ఆ రుణం ఇలా తీరుతుందనుకోలేదు.

మంటలు రాలేదు. దేవుడి దయ. ఒకాయనకి జత్రువు ఎముక విరిగింది, ఒకావిడకి పెదవి చిట్లింది, అమ్మకి మణికట్టు బెణికింది. అంతే. అయితే అందరికంటే ఎక్కువ దెబ్బ తిన్నది విమానంలో లేని మనిషి. మా ఆవిడ జ్వరం పిల్లని భుజాన వేసుకుని ఆ చిన్న టెర్మినల్ అద్దం దగ్గర నిలబడి ఉంది. దీపాలు దిగడం చూసింది, దీపాలు పక్కకి తిరగడం చూసింది, తెల్లటి మేఘం లేవడం చూసింది. ఆ తరవాత మేం తలుపులోంచి వచ్చేదాకా ఏడెనిమిది నిమిషాలు పట్టింది. ఆ ఏడెనిమిది నిమిషాల గురించి ఇంతవరకూ ఆవిడ నాతో మాట్లాడలేదు. నేనూ అడగలేదు.

టెర్మినల్‌లో దుప్పట్లు కప్పి కూర్చోబెట్టారు. కాసేపటికి కెప్టెన్ వచ్చాడు. పాతికేళ్ళుంటాయేమో. ఒక చేతిలో అరిసెల డబ్బా, సొట్టపడింది గానీ మూత ఊడలేదు. "ఇది మీదే అనుకుంటా. ఐయామ్ సారీ, మేడమ్" అన్నాడు. చేతులు వణుకుతున్నాయి. అమ్మ డబ్బా తీసుకుని, మూత తీసి, ఒక అరిసె అతని చేతిలో పెట్టింది. "తినమను. పొద్దుట్నించి ఏమీ తిన్నట్టు లేడు" అంది. అతను నిలబడే తిన్నాడు.

తింటూ నాతో మెల్లిగా చెప్పాడు. ఆ నారింజ కాగితం ముందు చక్రం స్టీరింగ్‌కి సంబంధించినది. అది పనిచెయ్యకపోతే ముందు చక్రం దాని ఇష్టం వచ్చినట్టు తిరుగుతుంది. విమానాన్ని తోక చుక్కానితోనూ, కుడి ఎడమ బ్రేకులతోనూ దారిలో పెట్టుకోవాలి. "అలా నడపడానికి అనుమతి ఉంది సార్, లీగలే. బాగుచెయ్యడానికి పదిరోజుల గడువు. ఇవాళ తొమ్మిదో రోజు" అన్నాడు.

తరవాత ఎఫ్.ఏ.ఏ. నుంచి ఒకాయన ఫోన్ చేసి నేను చూసింది అడిగి రాసుకున్నాడు. నేనూ మెషిన్ల మనిషినే కాబట్టి నా ప్రశ్నలు నేను అడిగాను. ఓపిగ్గా చెప్పాడు. ప్రతి రకం విమానానికీ ఏ ఏ పరికరాలు పనిచెయ్యకపోయినా ఎగరవచ్చో ఒక జాబితా ఉంటుంది. మినిమమ్ ఎక్విప్‌మెంట్ లిస్ట్ అంటారు. కొన్నిటికి మూడు రోజుల గడువు, కొన్నిటికి పది, కొన్నిటికి నూట ఇరవై. పాడైనదాని దగ్గర స్టిక్కర్ అంటించి, లాగ్‌బుక్‌లో రాసి, చెప్పిన జాగ్రత్తలు పాటించాలి. వినడానికి భయంగా ఉన్నా అందులో అర్థం ఉంది. విమానంలో ముఖ్యమైనవన్నీ ఒకటికి రెండు ఉంటాయి. చదువుకునే దీపం వెలగలేదని ప్రతిసారీ విమానం ఆపేస్తే ఎవరం ఎక్కడికీ వెళ్ళలేం. ఒకటి కంటే ఎక్కువ చెడి ఉంటే వాటి ప్రభావం ఒకదాని మీద ఒకటి ఎలా ఉంటుందో కూడా చూసుకోవాలని ఆ నియమాల్లోనే ఉంది. ఎగరాలా వద్దా అన్న చివరి మాట కెప్టెన్‌ది.

"మరి ఏమైంది?" అని అడిగాను. మూడు కలిశాయన్నాడు. గాలి పక్కనుంచి కొడితే, పెద్ద తోక ఉంది కాబట్టి, విమానం ముక్కు గాలికోడిలా గాలివైపు తిరగాలని చూస్తుంది. వేగం ఉన్నంతసేపూ చుక్కాని దాన్ని ఆపుతుంది. వేగం తగ్గేకొద్దీ చుక్కాని బలం తగ్గుతుంది. అప్పుడు ముందు చక్రం ఆదుకోవాలి. అది లేదు. ఇక మిగిలింది బ్రేకు. కింద గడ్డకట్టిన మంచు, బ్రేకు పట్టలేదు. గాలి పరిమితిలోనే ఉంది, మంచు పరిమితిలోనే ఉంది, స్టీరింగ్ గడువులోనే ఉంది. విడివిడిగా చూస్తే మూడూ సబబే.

అమ్మకి ఇదంతా తెలుగులో చెప్పాను. ఒక్క ముక్కలో తేల్చేసింది. "ముకుతాడు లేని ఎద్దుని కట్టి, బురదలో బండి తోలారన్నమాట." మళ్ళీ తనే అంది, "మీ తాత ఎంత తొందరున్నా ఇరుసు చీల చేత్తో తడిమి చూడకుండా బండి ఎక్కేవాడు కాదు. ఆ పిల్లాణ్ణి అనకు. కాగితం అంటించింది వాడు కాదు కదా."

ఇక్కడితో ఆపేస్తే ఇది మా ఇంట్లో నలుగురికీ చెప్పుకునే కథగానే మిగిలేది. కానీ ఆ రాత్రి ఇంకో సంగతి జరిగింది. ఇంటికొచ్చి, అమ్మ కుడిచేత్తోనే చారు పోపు వేస్తానని పట్టుబట్టి, ఫ్రిజ్ మీద ఉన్న బ్యాటరీ చూసింది. "ఇదేమిటి?" అంది. పైకప్పుకున్న పొగ అలారం బ్యాటరీ అది. పోపు వేసినప్పుడల్లా కీచుమంటోందని నవంబరులో నేనే పీకి పెట్టాను. "అది లేకపోయినా పర్లేదా?" అని అడిగింది. వెక్కిరింతగా కాదు, మామూలుగానే. కుర్చీ వేసుకుని ఎక్కి బ్యాటరీ పెట్టాను.

కానీ నిద్ర పట్టలేదు. నాకు గుర్తొచ్చింది ఆ బ్యాటరీ కాదు, మిల్లులో వైండర్. పెద్ద కాగితపు చుట్టని కోసి చిన్న చుట్టలుగా చుట్టే యంత్రం అది. నిమిషానికి వేల అడుగుల కాగితం పరుగెడుతుంది. దాని ముందు ఒక గేటు ఉంటుంది. గేటు తెరిస్తే యంత్రం దానంతటదే ఆగిపోవాలి. ఆ గేటు స్విచ్ చెడిపోయి పదకొండు వారాలైంది. కొత్త స్విచ్ వచ్చేదాకా అని రెండు తీగలు కలిపేసి, గేటుకి పసుపు ట్యాగ్ కట్టి, "జాగ్రత్తగా ఉండండి" అని చెప్పాం. ఆ ట్యాగ్ మీద సంతకం ఎవరిదో వేరే చెప్పక్కర్లేదు.

ఎందుకు ఆగాను? స్విచ్ మార్చాలంటే ఒక షిఫ్టు యంత్రం ఆపాలి. ఆపమని సూపరింటెండెంట్‌ని అడగాలి. ఆయన మొహం చిట్లిస్తాడు. అప్పుడు నేను హెచ్-1 వీసా మీద ఉన్నాను, గ్రీన్‌కార్డు కాగితాలు ఆ మిల్లు చేతిలో ఉన్నాయి. ఆ రోజులు గడిపినవాళ్ళకి విడమరిచి చెప్పక్కర్లేదు. పై అధికారి దగ్గినా మనకి జలుబు చేసే రోజులవి. వచ్చే వారం అడుగుదాం, వచ్చే వారం అడుగుదాం అని పదకొండు వారాలు గడిపాను. విమానం కంపెనీకైనా పదిరోజుల గడువుంది. నా ట్యాగ్‌కి అదీ లేదు.

మర్నాడు పొద్దున్న నుదుటి మీద ప్లాస్టర్‌తోనే వెళ్ళాను. ముందు మిల్లంతా తిరిగి ట్యాగులు లెక్కపెట్టాను. పదిహేడున్నాయి. కొన్నిటి మీద సిరా వెలిసిపోయి తేదీ కూడా కనపడలేదు. జాబితా రాసుకుని సూపరింటెండెంట్ గదిలోకి వెళ్ళి, "వైండర్ ఇవాళ ఆపాలి" అన్నాను. "ఇన్నాళ్ళు నడిచింది కదా?" అన్నాడు. "నిన్నటిదాకా విమానం కూడా నడిచిందండీ" అన్నాను. నా గొంతు నాకే వణుకుతూ వినిపించింది. ఆయన చాలాసేపు నా నుదురు వంక చూశాడు. "నాలుగు గంటలు. అంతకు మించి ఒక్క నిమిషం కూడా ఇవ్వను" అన్నాడు. అయిదున్నర పట్టింది. ఆయన నెలరోజులు నాతో ముభావంగానే ఉన్నాడు. ప్రతి రాత్రీ వీసా గురించి మా ఆవిడా నేనూ గుసగుసలాడుకునేవాళ్ళం. చివరికి గ్రీన్‌కార్డు 1996లో వచ్చింది. ఆ గేటు దగ్గర ఎవరికీ ఏమీ కాలేదు. ఆ స్విచ్ మార్చకపోయినా కాకపోయేదేమో. వైండర్ మీద పనిచేసే ముసలి ఆపరేటర్ మాత్రం మర్నాడు నా బల్ల మీద ఒక డోనట్ పెట్టి, ఏమీ అనకుండా వెళ్ళిపోయాడు.

ఆ సోమవారమే, జనవరి 17న, తెల్లవారుజామున కాలిఫోర్నియాలో నార్త్‌రిడ్జ్ భూకంపం వచ్చింది. టీవీలన్నీ దాని గురించే. మా బుల్లి విమానం ఊసు ఊళ్ళో పేపరు తప్ప ఎవరూ ఎత్తలేదు. హైదరాబాదు నుంచి మా అన్నయ్య కంగారుగా ఫోన్ చేశాడు, "అమెరికాలో భూకంపమట, అమ్మ ఎలా ఉంది?" అని. అమ్మ ఫోన్ అందుకుని, "అది మాకు చాలా దూరంరా. మేం క్షేమం. అరిసెలు తింటున్నాం" అంది. విమానం మాట ఎత్తలేదు. తెనాలి వెళ్ళాక కూడా ఎవరికీ చెప్పలేదట.

హిబ్బింగ్ ప్రమాదం మీద నివేదిక 1994 మేలో వచ్చింది. అక్కడ తప్పు పరికరాలది కాదు. పైలట్ల మధ్య సమన్వయం లేక ఎత్తు గమనించుకోలేదని తేల్చారు. కానీ నన్ను పట్టుకున్నది వేరే సంగతి. నేల దగ్గరపడుతోందని అరిచి చెప్పే పరికరం ఒకటుంటుంది. చిన్న విమానాలకి కూడా అది తప్పనిసరి అని అప్పటికే నియమం రాశారు. గడువు 1994 ఏప్రిల్. ఆ విమానం కూలింది 1993 డిసెంబరులో. దానికి ఇంకా అమర్చలేదు. గడువులోనే ఉంది కదా మరి. 1995 చివర్లో కొత్త నియమాలు తెచ్చి, 1997 మార్చి నుంచి పది, అంతకు మించి సీట్లున్న చిన్న విమానాలని కూడా పెద్ద విమానాల నియమాల కిందికే తెచ్చారు. ఇప్పుడు చాలా ఊళ్ళకి ఆ పందొమ్మిది సీట్ల విమానాలు రావడమే మానేశాయి. మా ఊరికి జెట్ వస్తోంది, తలుపుంది, టాయ్‌లెట్ కూడా ఉంది.

అమ్మ 2009లో పోయింది. నేను రిటైరై ఈ వెచ్చటి ఊరికి వచ్చేశాను. సొట్టపడిన ఆ బిస్కెట్ డబ్బా మా వంటింట్లో ఉంది, అందులో ఇప్పుడు పొగ అలారం బ్యాటరీలు పెడుతున్నాం. కారులో పసుపు దీపం వెలిగినా, మెట్ల కటకటా ఊగినా, "తరవాత చూద్దాంలే" అనబోతే మా ఆవిడ అమ్మ గొంతుతో అంటుంది, "లేకపోయినా పర్లేకపోతే అక్కడెందుకు పెట్టారు?"

ఈ పండక్కి మీ ఇళ్ళలోనూ పోపుల ఘాటు పైకప్పు దాకా వెళుతుంది. అలారం గోల పెడుతుంది. పీకెయ్యండి, తప్పులేదు, నేనూ పీకుతాను. అరిసెలు తిని, చేతులు కడుక్కుని, ఆ రాత్రే మళ్ళీ పెట్టండి.